మళ్లా ఎప్పుడు పోతావు?

మా వీధిలో ఒక పిల్లోడు అమెరికా నుంచి తిరిగొచ్చేసినాడు. చదువు సగంలో ఉంది. మనిషి సగమైనాడు. వచ్చిన మొదటి వారంలో ఆ ఇంటి గడప తొక్కిన ప్రతి ఒక్కరూ అడిగిన మాట ఒకటే: "మళ్లా ఎప్పుడు పోతావు?" బాగుండావా అని ఎవరూ అడగలేదు. తింటివా అని అడగలేదు. మా పాకాలలో పక్కింటి ఆవు ఈనినా ముందు దూడ ఎట్లుందని అడిగి, ఆ తర్వాతే పాల సంగతి ఎత్తుతాం. దూడకున్న పాటి మర్యాద ఈ బిడ్డకు దక్కలేదు. 2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని చిత్తూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గానీ నోళ్లు మారలేదు.

ఆ ప్రశ్న మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. ఎవరికైనా తగిలితే తగలనీ.

పంపేటప్పుడు మన సంబరం చూడాలి. వీసా స్లాటు దొరికితే కాణిపాకంలో కొబ్బరికాయ, పాస్‌పోర్టులో ముద్ర పడితే మెట్లదారిన కొండకు నడక, బయల్దేరే వారం ముందు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ. అందులో మేనమామ ఫోటో పిల్లోడి ఫోటో కంటే పెద్దది. 23 కిలోల పెట్టెలు రెండు. చింతపండు, శెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, రాగిపిండి అన్నీ తూకం వేసి సర్దుతాం. కుక్కర్ పెడతాం, దాని గాస్కెట్టు పోతే ఎట్లా అని ఇంకో గాస్కెట్టు పెడతాం. రాత్రి రెండు గంటలకు ఊపిరాడనట్టు అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక చీటీ మీద రాసి అదే పెట్టెలో పెట్టిన ఇల్లు ఒక్కటి చూపించండి నాకు.

ఇంక అప్పు లెక్క. రెండేళ్ల ఎమ్మెస్‌కు 40 లక్షలు అప్పు అనుకుందాం, ఈ రోజుల్లో అది పెద్ద అప్పు కింద లెక్క కాదు. నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ అయితే నెలకు 40 వేలు. అది తోటలోంచే రావాలి. 2025 వేసవిలో తోతాపురి మామిడి గతి ఏమైందో మా పక్క రైతులకు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు, వెరసి కిలో 12 అని ప్రకటించినారు. ఆ 12 అయినా చేతికి రావాలంటే గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో పడిగాపులు. ఆ ధరకే లెక్కేసినా ఒక నెల వడ్డీ కట్టడానికి మూడు టన్నుల మూడు క్వింటాళ్ల పైచిలుకు కాయ కావాలి. మామిడి ఏడాదికి ఒకసారే కాస్తుంది. వడ్డీ నెలనెలా కాస్తుంది.

ఈ లెక్కంతా ఆ పిల్లోడికి కంఠతా వచ్చు. అక్కడ కాఫీ తాగాలంటే డాలరును రూపాయల్లోకి హెచ్చవేస్తాడు, రూపాయలను కాయల్లోకి మారుస్తాడు, కప్పు కింద పెట్టి వచ్చేస్తాడు. వాడు ఎక్కిన విమానంలో వాడి పక్కనే వాళ్ల నాయిన తోట కూర్చొని పోయింది.

పోయినాక వాడి నెత్తిన పడే నియమాలు కొన్ని చెబుతాను, తెలియని తల్లిదండ్రులు చాలామంది. చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు, అదీ క్యాంపస్ లోపలే. చదువు ముగిశాక ఓపీటీ కింద ఏడాది పని అనుమతి. ఇంజనీరింగ్, సైన్సు చదివినవాళ్లకు ఇంకో రెండేళ్లు. ఆ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటితే వీసా హోదా పోయినట్టే. ఆ 90 రోజులు ఎట్లా గడుస్తాయో తెలుసా? పొద్దున లేస్తూనే ఎన్ని అయిపోయినాయి, ఎన్ని మిగిలినాయి అని వేళ్లు మడుచుకోవడం. దరఖాస్తులు వందలు, జవాబులు సున్నా. ఆ మీదట హెచ్‌-1బీ ఉద్యోగ వీసా లాటరీ, ఏడాదికి 65 వేలు, అక్కడ పైచదువు చదివినవాళ్లకు మరో 20 వేలు. ఇరవై నాలుగేళ్ల బిడ్డ బతుకు లాటరీ డబ్బాలో వేసి, ఇక్కడ మనం "వాడికేం, సెటిలైపోయినాడు" అని చెప్పుకుంటాం.

2025 చూడండి. ఏప్రిల్‌లో వేలాదిమంది విదేశీ విద్యార్థుల రికార్డులు అక్కడి సర్కారు డేటాబేస్ సెవిస్‌లో ఉన్నట్టుండి రద్దయినాయి. కొందరికి పాత ట్రాఫిక్ చలానే సాకు. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకు మళ్లీ నిలబెట్టినారు. మే నెలాఖరులో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఆపినారు. జూన్‌లో తిరిగి తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలన్నీ బహిరంగంగా ఉంచాలన్నారు. సెప్టెంబర్ 19న హెచ్‌-1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన. అది ఎవరికి పడుతుందో ఎవరికి పడదో తేలేలోపు ఎన్ని గదుల్లో ఎంతమంది పిల్లలు నిద్ర మానుకున్నారో ఎవరు లెక్కపెట్టినారు? కెనడాకు పోదామంటే అక్కడ ఖాతాలో చూపించాల్సిన సొమ్మును 2024 జనవరిలో 10 వేల కెనడా డాలర్ల నుంచి 20,635కు పెంచేసినారు.

ఇంత ఒత్తిడిలో మనిషి మనసు చెదరకపోతే ఆశ్చర్యపడాలి. చెదిరితే మాత్రం మనకు ఆశ్చర్యం. "వాడికేం తక్కువ చేసినాము?"

మన భాషలో ఈ జబ్బుకు ఎప్పటినుంచో పేరుంది. బెంగ. మా అవ్వ దిగులు అనేది. సంతలో కొన్న దూడ కొత్త కొట్టంలో మేత ముట్టకపోతే, "దిగులు పెట్టుకునిందిరా, దాని పాత కొట్టం గడ్డి ఒక మోపు తెచ్చి వెయ్యండి" అనేది. పసిబిడ్డకు ఊరికే ఒళ్లు కాగితే, నాయిన ఊరికి పోయినాడని బెంగ పెట్టుకునిందని, డాక్టరు దగ్గరికి పోయేలోపే నాయినకు కబురు పెట్టేవాళ్లు. కొత్తగా కాపరానికి పోయిన ఆడబిడ్డ చిక్కిపోయిందని తెలిస్తే అన్నో తమ్ముడో పోయి పిలుచుకొచ్చేవాడు. పిలుచుకొచ్చేదానికి నలుగురిలో చిన్నతనం కాకుండా ఆషాఢమని ఒక సాకు కూడా పెద్దలే ఏర్పాటు చేసిపెట్టినారు. (పాతకాలమంతా తేనె అని చెప్పడం లేదు. ఆషాఢం కాగానే ఏడుస్తున్న బిడ్డను మళ్లీ అదే నరకంలోకి తోసి వచ్చిన కథలూ మా ఇంట్లోనే ఉండాయి.) నేను చెప్పేదల్లా ఒకటే. బెంగ జబ్బేనని, దానికి మందు ఇల్లేనని ఈ నేలకు తెలుసు. అట్లాంటి నేల మీద అమెరికా పోయిన కొడుక్కి, కూతురికి ఆషాఢం లేకుండా చేసింది మనమే.

ప్రతిరోజూ పొద్దున ఎనిమిదికి ఫోన్.

"ఏం నాయినా, తింటివా?"

"తిన్న్యానుమా."

"ఏం చేసుకుంటివి?"

"పప్పు, చారు."

"బాగుండావా?"

"బాగుండానుమా. నాయిన బాగుండాడా?"

"బాగుండాడు."

నాలుగు మాటలు, నాలుగూ అబద్ధాలే. నాయినకు బీపీ పెరిగి రెండు రోజులు మంచం దిగలేదు, ఆమె చెప్పదు. మిడ్‌టర్మ్‌లో రెండు సబ్జెక్టులు పోయినాయి, పది రోజులుగా గది దాటలేదు, వాడు చెప్పడు. ఒకరి కోసం ఒకరు దాచిపెట్టుకుంటున్నామని ఇద్దరూ అనుకుంటారు. దాన్ని ప్రేమ అంటాం మనం. ఒట్టి భయం అది.

ఆ భయాన్ని అమ్ముకొని బతికేవాళ్లు వేరే ఉండారు. మా బంధువుల పాపకు తోడుగా ఒకసారి కన్సల్టెన్సీకి పోయినాను. పేరు ఏదైతేనేమి. గోడల నిండా వీసా వచ్చిన పిల్లల ఫోటోలు, బొకేలు. అన్నీ అయినాక అడిగినాను, "అక్కడ పాపకు మనసు బాగాలేకపోతే ఎవర్ని అడగాలి సార్?" ఆయన నావైపు నేనేదో అపశకునం పలికినట్టు చూసినాడు. "ఇప్పుడు నెగటివ్‌గా మాట్లాడద్దు సార్, ఇంటర్వ్యూ ఉంది" అన్నాడు. పాప ముఖం చూసినాను. అప్పుడే నేర్చేసుకునింది, ఈ విషయం మాట్లాడకూడదని.

ఇంక మోసాల సంగతి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగింది. వీసాల కోసమే నడిచిన బడి అది. మోసపోయినవాళ్లలో ఎక్కువమంది మన ఆంధ్ర పిల్లలే, కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించినారు. ఎనిమిదేళ్లు తిరిగే సరికి 2019 జనవరిలో ఫార్మింగ్టన్. మిషిగన్‌లో సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పాఠం లేదు, పంతులు లేడు. దాదాపు 130 మందిని పట్టుకుంటే ఒకరిద్దరు తప్ప అందరూ మనదేశం వాళ్లే, అందులోనూ ఎక్కువ తెలుగువాళ్లు. పిల్లల్ని అందులో చేర్పించి డబ్బు తిన్నారని కేసు పడి జైలుకు పోయిన దళారులూ తెలుగువాళ్లే. పరాయివాడు వల పన్నినాడు సరే, అందులోకి తోలిందెవరు?

ఈ రెండు కథల నుంచి మన పిల్లలు నేర్చుకున్న పాఠం ఒకటుంది: ఎవర్నీ నమ్మద్దు, ఎవరికీ నోరు తెరిచి చెప్పద్దు. అందుకే యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి పోతే ఆ సంగతి వీసా ఆఫీసుకు చేరిపోతుందని గాఢంగా నమ్ముతారు. నేను మాట్లాడిన పిల్లల్లో సగానికి పైగా ఇదే మాట. ఇది శుద్ధ తప్పు. కౌన్సెలింగ్‌లో చెప్పుకున్నది గోప్యం. ప్రాణానికి ముప్పు లాంటి, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప బయటికి పోదు. చాలా యూనివర్సిటీల్లో దానికి వేరే డబ్బు కట్టనక్కర్లేదు, కట్టిన ఫీజులోనే ఉంటుంది.

దీనికంటే పెద్ద విషయం ఇంకోటుంది. దీన్ని ఫ్లెక్సీ కొట్టించి పాకాల బస్టాండులో కట్టాలి. ఎఫ్‌-1 వీసా మీద ఉన్న విద్యార్థికి జబ్బు చేస్తే ఆ సెమిస్టర్లో కోర్సులు తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా ఆపుకోవచ్చు. ఒక డిగ్రీ కాలంలో మొత్తం 12 నెలల వరకు. లైసెన్సున్న డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ రాసిచ్చిన కాగితం ఉండాలి. మనసు జబ్బూ ఆ లెక్కలోకే వస్తుంది, సైకాలజిస్టు పేరు నియమంలోనే ఎందుకు రాసినారు మరి? ఒక్క జాగ్రత్త: ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓ అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాతే కోర్సు మానాలి. తలకిందులుగా చేస్తే హోదాకు ముప్పు. అనుమతి తీసుకొని ఇంటికొచ్చి, కుదుటపడి, మళ్లీ పోయి చేరే దారి కూడా ఉంది. పరాయి దేశం తన చట్టంలో బెంగకు ఇంత చోటు పెట్టింది. మన ఇళ్లలో అంత చోటు లేదు.

దాదాపు ఏ కన్సల్టెన్సీ చెప్పదు ఇది. ఎందుకు చెబుతుంది? వాడి కమీషను బిడ్డ సీట్లో చేరినప్పుడే ముడుతుంది, సెలవు పెట్టినప్పుడు కాదు.

ఇప్పుడు ఇంకా చేదు మాట. 2024 జూలైలో విదేశాంగ శాఖ లోక్‌సభలో చెప్పిన లెక్క: అంతకుముందు ఐదేళ్లలో విదేశాల్లో చనిపోయిన భారతీయ విద్యార్థులు 633 మంది. కెనడాలో 172, అమెరికాలో 108. దాడుల్లో పోయినవాళ్లు 19 మందని విడిగా చెప్పినారు. మిగిలిన ఆరు వందల పైచిలుకు బిడ్డల గురించి సహజ కారణాలతో సహా రకరకాల కారణాలు అన్నారు. అందులో దిగులుతో పోయినవాళ్లెంతమంది? ఆ గడి గీస్తే కదా నింపేది! పంటనష్టం రాయాలన్నా మా వీఆర్వో దగ్గర ఇంతకంటే ఎక్కువ గడులుంటాయి.

బిడ్డ పోయినాక మాత్రం మనంత చురుకైన జాతి లేదు. ఇరవై నాలుగు గంటల్లో గోఫండ్‌మీ పేజీ, రెండు రోజుల్లో లక్ష డాలర్లు, తెలుగు సంఘాల వాలంటీర్లు నిద్రలేకుండా కాగితాలు కదిలించి శవపేటికను శంషాబాదుకో మద్రాసుకో చేరుస్తారు. అక్కడి తెలుగు సంఘం తానా వాళ్ల టీమ్ స్క్వేర్ చేసే పని నాకు తెలుసు, వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. ఢిల్లీ 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి కూడా భౌతికకాయాన్ని పంపడానికి సొమ్మిస్తారు. ఆ నిధి అక్కడి మనవాళ్లు కాన్సులర్ సేవలకు కట్టే రుసుములోంచి పోగైందే. అన్నీ ఉన్నాయి. పోయినవాడు ఇంటికి రావడానికి ఒక యంత్రాంగం ఉంది. బతికున్నవాడు ఇంటికి రావాలంటే మాత్రం వాడి నాయినకు సంజాయిషీ చెప్పుకోవాలి. రెండేళ్లకోసారి మహాసభల స్టేజీ మీదికి సినిమా తారల్ని ఎక్కించే సంఘాలు, ఆ తారల్లో ఒకరి విమానం ఖర్చుతో ఏడాది పొడుగునా తెలుగులో మాట్లాడే ఇద్దరు కౌన్సెలర్లను పెట్టలేవా? స్టేజీ కింద కూర్చొని ఈలలు వేసే పెద్దమనుషులు అడగరెందుకు?

"అక్కడ 988 హెల్ప్‌లైన్ ఉంది కదా, కౌన్సెలర్లు ఉన్నారు కదా" అంటారు. ఉంది. 2022 జూలై నుంచి అమెరికాలో ఎక్కడినుంచైనా 988 నొక్కొచ్చు, అడిగితే అనువాదకుణ్ణి కూడా కలుపుతారు, కెనడాలోనూ అదే నంబరు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా నొక్కాల్సింది దాన్నే. కానీ ప్రాణం మీదికి రాకముందు నెలల తరబడి ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంటుంది చూడండి, దాన్ని ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టం. "అమ్మ తాళి తాకట్టులో ఉంది" అన్న మాటను ఓహాయో కౌన్సెలరుకు అర్థమయ్యేలా చెప్పడానికే ఒక అపాయింట్‌మెంటు పూర్తయిపోతుంది. పరువు అన్న మాటకు ఇంకో రెండు.

ఇంతకూ మన దగ్గర ఏమీ లేదా? పాకాలలో గుండెకొచ్చినా కిడ్నీకొచ్చినా కాట్పాడి బండెక్కి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోతాం, 60 కిలోమీటర్ల పైచిలుకు. అదే సీఎంసీకి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉంది. 1950ల్లో మొదలైంది. రోగి వెంట ఇంటి మనిషి ఉండి వైద్యంలో పాలుపంచుకోవడం అక్కడి పద్ధతి. మతిచెడినవాణ్ణి గొలుసులేసి గుడి దగ్గర వదిలేసే కాలంలో పట్టుకున్న పద్ధతి అది. అంటే మనసు బాగుపడాలంటే పక్కన మనవాడు ఒకడుండాలని మనకు గంటన్నర దూరంలో డెబ్బై ఏళ్లుగా చేసి చూపిస్తున్నారు. మనం ఆ గేటు ముందు నుంచే ఆటోలో పోతాం, ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకొని.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. 2022 అక్టోబర్‌లో కేంద్రం టెలీ మానస్ పెట్టింది, 14416. తెలుగులో మాట్లాడతారు, ఉచితం, రాత్రీ పగలూ. ఈ వ్యాసం చదువుతున్న తల్లులకూ అది పనికొస్తుంది, దాచుకోండి. కానీ అది దేశం లోపల మోగే నంబరు. డల్లాస్ నుంచి కొడితే మోగదు. దాని పక్కన విదేశాల నుంచి అందే నంబరు ఇంకోటి, వాట్సాప్‌లో పలికేది, మన రాష్ట్రం తెరవలేదా? ఇక్కడ దేవుడు మనకు ఒక సౌకర్యం చేసిపెట్టినాడు, ఎవరూ గమనించినట్టు లేదు. టెక్సస్‌లో రాత్రి రెండంటే పాకాలలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. వాడికి నిద్ర పట్టని ఘడియ మనకు పట్టపగలు. నైట్ డ్యూటీ వెయ్యనక్కర్లేదు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మనోవైద్యులున్నారు, ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ చదివే పిల్లలున్నారు. నేర్పిస్తే భోజనానికి ముందు ఆ ఫోన్ ఎత్తగలరు. దేశం దాటి వైద్యం చెయ్యడానికి లైసెన్సు చిక్కులుంటాయి, నిజమే. వైద్యం చెయ్యమనడం లేదు నేను. చిత్తూరు యాసలో "ఏం నాయినా, ఏమైంది చెప్పు" అని అడిగి, విని, అక్కడి క్యాంపస్‌లో ఏ గది తలుపు తట్టాలో చెప్పమంటున్నాను.

"డబ్బున్నోళ్ల పిల్లలకు సర్కారు సొమ్మా?" అనే గొంతు నాకు వినిపిస్తోంది. డబ్బున్నోడి కొడుక్కి బెంగొస్తే విమానం టికెట్టు కొనుక్కొని వస్తాడు. రాలేనిది ఎకరన్నర తోట కుదువ పెట్టిన ఇంటి బిడ్డే. 2023-24లో ఒక్క అమెరికాలోనే మనదేశం పిల్లలు 3,31,602 మంది, చైనాను దాటేసినాం. వాళ్లు పంపే డాలర్లు విదేశాల నుంచి వచ్చే సొమ్ము లెక్కలోకి వస్తాయి, వాళ్ల కన్నీళ్లు ఏ శాఖ కిందికీ రావా?

అప్పిచ్చిన బ్యాంకులకూ ఒక మాట. జబ్బు చేసి చదువు ఆగిన బిడ్డకు కనీసం ఏడాది కంతులు ఆపండి. తుపానొస్తే పంట రుణానికి గడువు పెంచుతారు కదా. దిగులు తుపాను కంటే తక్కువేమీ కాదు, ఇళ్లు కూల్చింది చూసినాను.

తల్లిదండ్రులకు చెప్పడానికి నాకు అర్హత ఉందో లేదో తెలీదు. నా బిడ్డను కూడా మార్కుల కోసం కసిరినవాణ్ణే. అయినా చెబుతాను. రేపు పొద్దున ఫోన్‌లో తింటివా అని అడగడానికి ముందు మీ అబద్ధం ఒకటి మీరు విప్పండి. నాయినకు బాగాలేదని చెప్పండి, మీకూ భయంగా ఉందని చెప్పండి. మీరు నిజం చెబితేనే వాడికి చెప్పే ధైర్యమొస్తుంది. ఆ తర్వాత ఈ వాక్యం, ఇదే మాటల్లో: "ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వచ్చేయి, తోట సంగతి మేము చూసుకుంటాం." నోరు రాకపోతే అద్దం ముందు నిలబడి నేర్చుకోండి. కొడుకు వీసా ఇంటర్వ్యూకు నేర్చుకోలేదా?

మా వీధి పిల్లోడి సంగతికొస్తాను. ఇప్పుడు తిరుపతిలో డాక్టరుకు చూపిస్తున్నారు, మాత్రలు వాడుతున్నాడు, సాయంత్రం స్టేషను దాకా నడిచి, ప్లాట్‌ఫారం మీద కాసేపు కూర్చొని వస్తాడు. వాళ్లమ్మ మొదట్లో గడప దాటేది కాదు. మొన్న నీళ్ల ట్యాంకరొచ్చినప్పుడు బిందెతో వరసలో నిలబడింది. వెనకున్నామె అలవాటు ప్రకారం అడిగేసింది, "ఏమక్కా, మీ అబ్బోడు మళ్లా ఎప్పుడు పోతాడంట?"

ఆమె బిందె దించలేదు, వెనక్కి తిరగనూ లేదు. "వాడు యాడికీ పోడు. ఇంట్లోనే ఉండాడు. రెండు ముద్దలు ఎక్కువ తింటాండాడు ఈ వారం. నువ్వు ముందుకు జరుగు, నీళ్లు పోతాండాయి."